గొడవల భయంతో మొదటి గన్ కొనేవాళ్లకి: షీల్డ్ ఈజీ 9 ఎంఎం రివ్యూ

ఎలక్షన్ల ఏడాది వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో తప్పకుండా వచ్చే ప్రశ్న, ఇంట్లోకి ఏ గన్ తీసుకుంటే మంచిది అని. 2020లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక డల్లాస్ డౌన్‌టౌన్‌లో షాపుల అద్దాలు పగిలి కర్ఫ్యూ పెట్టినప్పుడైతే, అంతవరకు గన్ మాటెత్తితేనే ముఖం చిట్లించినవాళ్లు కూడా కొనడానికి లైన్లో నిలబడ్డారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద గన్ కొనేవాళ్ల గురించి ఎఫ్‌బీఐ చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు 3.9 కోట్లు దాటాయి. అలాంటి టెన్షన్‌లో వెళ్లి అడిగితే కౌంటర్ మీద ముందుగా పెట్టేది గ్లాక్ 19. మంచి గన్నే, 15 తూటాలు పడతాయి, పనితనంలో వంక పెట్టను. మేము మాత్రం స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ 9 ఎంఎం తీసుకున్నాం. ఇంట్లో అందరికంటే బలహీనమైన చేతులకి నడిచే గన్నే ఆ ఇంటికి పనికొచ్చే గన్ అని నా గట్టి అభిప్రాయం.

పిస్టల్‌లో మొదటి తూటా ఎక్కాలంటే పైనున్న స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి వదిలెయ్యాలి. మా ఆయనకి ఏ గన్‌తోనైనా అది చిటికెలో పని. నాకు మణికట్టు నొప్పి ఉంది, అందులోనూ కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో చేతులకి చెమట పట్టిందంటే గ్లాక్ స్లైడ్ సగం దాకా వచ్చి ఆగిపోయేది. సగం లాగి వదిలేస్తే తూటా సరిగ్గా ఎక్కదు. షీల్డ్ ఈజీలో హ్యామర్, అంటే తూటా పేలేలా కొట్టే భాగం, లోపలే ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ తేలికది పెట్టారు, స్లైడ్ వెనక రెండు వైపులా చిన్న ఎత్తులు ఉంటాయి, వేళ్లు అక్కడ పట్టు దొరికించుకుంటాయి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) పక్కన చిన్న బొడిపె ఉంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకుని తూటాలు ఒక్కొక్కటే వేసుకోవచ్చు, బొటనవేలు పుండవదు. పిడి వెనక ఒక సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ఉంది, పిడిని అరచేత్తో నిండుగా పట్టుకుంటే తప్ప పేలదు. బొటనవేలి సేఫ్టీ ఉన్నదీ లేనిదీ రెండు రకాలూ దొరుకుతాయి, మొదటిసారి కొనేవాళ్లు ఉన్నదే తీసుకోండి.

లోపాలు లేవని కాదు. 8 తూటాలే పడతాయి. గన్ బరువు దాదాపు 650 గ్రాములే, అందుకని 9 ఎంఎం తూటాకి గట్టిగానే వెనక్కి తన్నుతుంది, అది కూడా కష్టమనిపిస్తే ఇందులోనే తక్కువ బలమున్న .380 తూటా రకం ఉంది, మెత్తగా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే మాత్రం జాగ్రత్త, 2020 మార్చి నుంచి అక్టోబర్ మధ్య తయారైన 9 ఎంఎం ఈజీలని హ్యామర్ సమస్య వల్ల కంపెనీయే వెనక్కి పిలిచింది. సీరియల్ నంబర్ చూసుకోకుండా డబ్బు ఇవ్వకండి.

గన్ కంటే ముందు చూడాల్సింది మీ వీసా. హెచ్-1, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు గన్ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఎవరో చెప్పారని వాటిని నమ్ముకుని దిగకండి, గ్రీన్ కార్డు ఆశలన్నీ మట్టిలో కలుస్తాయి. సిటిజన్ అయిన బావగారి పేరు మీద కొనిపించి మనింట్లో పెట్టుకుందాం అనే ఆలోచన అసలు వద్దు, కొనేది తన కోసమే అని షాపులో నింపే ఫెడరల్ 4473 ఫారమ్ మీద ఆయన సంతకం పెట్టాలి, అబద్ధం చెబితే అదో పెద్ద కేసు. భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్ కార్డు ఉంటే గన్ దాచే సేఫ్ తెరిచే వీలు ఎవరికి ఉండాలో ముందు లాయర్‌ని అడగండి.

సేఫ్ గురించి బేరమాడొద్దు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే కేసు పెడతారు, కేసు సంగతి పక్కన పెట్టినా పిల్లలున్న ఇల్లు అది. మా దాంట్లో నంబర్ బటన్లున్నాయి, చీకట్లో తడుముకుంటూ కూడా తెరవగలను. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే మాత్రం ఏ గన్నూ కొనొద్దు, బయట ఎంత గొడవ జరుగుతున్నా సరే.

ఇంకో సంగతి, ఇక్కడ మన ఇళ్ల లోపలి గోడలు ఇటుకలవి కావు. జిప్సం పలకలతో కట్టే డ్రైవాల్‌ని 9 ఎంఎం తూటా తేలిగ్గా దాటేస్తుంది, అవతలి గదిలో నిద్రపోతున్నది మన పిల్లలే. అందుకే మా ప్లాన్‌లో బయటికి వెళ్లి ఎవరినో ఎదుర్కోవడం లేదు. అందరం ఒకే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని 911కి ఫోన్ చేస్తాం. తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చినవాడి కోసమే ఆ గన్.

కొనేముందు రేంజ్‌కి వెళ్లి గ్లాక్ 19, షీల్డ్ ఈజీ రెండూ అద్దెకి తీసుకుని ఒకే రోజు కాల్చి చూడండి, చాలా రేంజ్‌లలో ఇస్తారు. ఇద్దరూ వెళ్లండి, గన్ మాత్రం ముందుగా ఇంట్లో తక్కువ బలం ఉన్నవాళ్ల చేతికి ఇవ్వండి.