పేమెంట్ గేట్‌వే కీలు సరైనవో కావో తేల్చడానికి ఏది మేలు?

ఆన్‌లైన్‌లో అమ్మే మర్చంట్, కస్టమర్ల డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే (స్ట్రైప్, పేపాల్ లాంటివి) ఇచ్చిన ఏపీఐ కీ, సీక్రెట్‌ని తన సైట్ సెట్టింగ్స్‌లో పేస్ట్ చేసి ‘సేవ్’ నొక్కుతాడు. అవి పనికొస్తాయో లేదో అప్పుడే చూడకపోతే, ఆ సంగతి మొదట తెలిసేది డబ్బు కట్టబోయిన కస్టమర్‌కే.

కొందరు కీ రూపం మాత్రం చూసి వదిలేస్తారు. స్ట్రైప్ సీక్రెట్ కీ ‘ఎస్‌కె_టెస్ట్_’ అనో ‘ఎస్‌కె_లైవ్_’ అనో మొదలవుతుంది కాబట్టి, లైవ్ సైట్లో టెస్ట్ కీ పెడితే ఇది పట్టేస్తుంది. అంతవరకే. నిన్న రద్దు చేసిన కీ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది.

ఇంకొందరు చిన్న మొత్తం ఛార్జ్ చేసి వెంటనే వాయిడ్ (రద్దు) చేస్తారు. కార్డు దాకా దారంతా పరీక్షించినట్టే, కాదనను. కానీ కార్డు డిక్లైన్ అయినా కీ తప్పనుకుంటాం. మధ్యలో టైమౌట్ అయితే ఛార్జ్ పడిందో లేదో తెలీదు. నేనూ ఒకసారి ఇలాగే రాసి, వాయిడ్ కాకుండా మిగిలిపోయిన లావాదేవీలను ఏరుకుంటూ సాయంత్రమంతా కూర్చున్నాను.

నా ఓటు డబ్బు కదలని కాల్‌కే. ఆథరైజ్.నెట్ అనే గేట్‌వేలో అచ్చంగా దీనికోసమే ‘ఆథెంటికేట్‌టెస్ట్‌రిక్వెస్ట్’ ఉంది. లాగిన్ ఐడీ, ట్రాన్సాక్షన్ కీ పంపితే, సరైనవైతే ఐ00001, తప్పైతే ఇ00007 వస్తుంది. చూడాల్సింది ఈ కోడ్‌నే. హెచ్‌టీటీపీ స్టేటస్‌ని నమ్ముకుంటే కీ తప్పైనా 200 (‘అంతా సరే’ అనే కోడ్) చూసి మోసపోతాం. జేసన్ రూపంలో వచ్చే జవాబు మొదట్లో కంటికి కనబడని బామ్ (BOM) అక్షరం ఉంటే దాన్ని చదివే పార్సర్ మొరాయిస్తుంది, ముందే తీసేయండి. శాండ్‌బాక్స్ (టెస్ట్) కీలను లైవ్ అడ్రస్‌కి పంపినా ఆ ఇ00007నే. కాబట్టి మర్చంట్‌కి ‘కీ తప్పు’ అని ఊరుకోకుండా ‘మోడ్ (టెస్టా, లైవా) కూడా చూసుకోండి’ అని చెప్పాలి.

పేపాల్‌లో ఆ కీలతో టోకెన్ (తాత్కాలిక అనుమతి కోడ్) అడగడమే పరీక్ష. స్ట్రైప్‌లో బ్యాలెన్స్ చదివితే చాలు: 401 వస్తే కీ చెల్లదు, 403 వస్తే కీ మంచిదే గానీ ఆ పనికి పర్మిషన్ లేదు. కొన్ని పనులకే పరిమితం చేసిన రిస్ట్రిక్టెడ్ కీలతో ఇది మామూలే.

అయితే కీ సరైనదైనంత మాత్రాన అకౌంట్ డబ్బు తీసుకోవడానికి సిద్ధంగా ఉందని కాదు. స్ట్రైప్ అకౌంట్ వివరాల్లో ‘ఛార్జెస్_ఎనేబుల్డ్’ ఉంటుంది, పర్మిషన్ ఉంటే అదీ చూడండి.

ఇక టైమౌట్, 500 (సర్వర్ లోపం) లాంటివి వస్తే కీ తప్పని తీర్మానించొద్దు. పాత కీని అలాగే ఉంచి, ‘ఇప్పుడు చెక్ చేయలేకపోయాం, కాసేపాగి ప్రయత్నించండి’ అనండి. లాగ్‌లో ఎర్రర్ కోడ్ రాయండి, సీక్రెట్ మాత్రం పడనివ్వకండి.