పరీక్షా, వెలుగా? రక్తం సంచి ముందు రెండు దారులు

రాయగడ, కొరాపుట్ వైపు మన ఇళ్లలో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్న పిల్లలకు రక్తం ఎక్కించడం కొత్త కాదు. పైగా మలేరియా సీమ. బ్లడ్ బ్యాంక్ బయట కూర్చున్న ప్రతిసారీ ఒకటే టెన్షన్: ఈ సంచి మంచిదేనా?

ఇప్పుడున్న దారి పరీక్ష. మన దేశంలో ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా చూడాల్సిందే. చేతికందే పద్ధతి. కానీ వెతికినదే దొరుకుతుంది. దాతకు మొన్నమొన్న సోకిన వైరస్ పరీక్షకు ఇంకా కనబడని ఆ తొలి రోజుల్లో, అంటే విండో పీరియడ్‌లో తప్పించుకోవచ్చు.

రెండోది వెలుగు. రక్తంలో రైబోఫ్లేవిన్, అదే బీ2 విటమిన్, కలిపి అతినీలలోహిత కాంతి పట్టిస్తారు. క్రిముల డీఎన్ఏ, ఆర్ఎన్ఏ దెబ్బతిని అవి ఇక పెరగలేవు. ఎర్ర కణాలకు కేంద్రకమే లేదు, కాబట్టి ఆ దెబ్బ వాటికి తగలదు. పరీక్షకు అందని క్రిమి మీదా ఇది పనిచేయొచ్చు. ఘానాలో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. పరాన్నజీవి ఉన్న రక్తం ఎక్కించుకున్నవారిలో మామూలు రక్తంతో 22 శాతం మందికి మలేరియా సోకితే, కాంతి పట్టించిన రక్తంతో 4 శాతానికే సోకింది. చిన్న ట్రయలే అనుకోండి, కానీ మన కొండ జిల్లాలవాళ్లకు ఆ అంకె ఊరికే పోయేది కాదు.

చిక్కంతా హిమోగ్లోబిన్‌తోనే. ఆ ఎరుపే కాంతిని మింగేస్తుంది. ప్లేట్‌లెట్లకు, ప్లాస్మాకు తేలిగ్గా కుదిరిన పని ఎర్ర కణాల దగ్గర మొండికేస్తుంది. కాంతి పెంచితే కణాల పొర దెబ్బతిని, మామూలుగా 42 రోజుల దాకా ఉండే నిల్వకాలం తగ్గిపోతుంది. నెలనెలా సంచి కోసం తిరిగే ఇంటికి అది చిన్న నష్టమేం కాదు.

అలాంటి యంత్రం మన జిల్లా కేంద్రానికి వచ్చేదాకా, నేనైతే న్యాట్ పరీక్ష (వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెతికేది, విండో పీరియడ్‌ను తగ్గించేది) కూడా చేసిన సంచి ఉందా అని అడుగుతాను.