స్థానిక దినపత్రికకు ఈ-పేపరా? యాపా?

ఖర్చు: ఈ-పేపర్‌కు పెద్దగా లేదు. ప్రెస్‌కు పంపే పీడీఎఫ్ పేజీలే ఆన్‌లైన్‌లో పెడితే సరి. యాప్ అలా కాదు. ఆండ్రాయిడ్‌, ఐఫోన్‌ రెండూ చూసుకోవాలి, అప్‌డేట్లకు అంతుండదు.

శ్రమ: ఈ-పేపర్ పని రాత్రి ఎడిషన్‌తోనే అయిపోతుంది. యాప్‌కు పగలంతా వార్తలు దిద్దే డెస్క్‌లో మనిషి ఉండాలి.

చదవడం: ఇక్కడే ఈ-పేపర్ వెనకబడుతుంది. 8 కాలమ్‌ల పేజీని ఫోన్‌లో వేళ్లతో సాగదీసి, పక్కకు జరిపి, ‘మిగతా 7వ పేజీలో’ అంటే అక్కడికెళ్లి వెతుక్కునేసరికి ఓపిక పోతుంది. ట్యాబ్ ఉన్న పెద్దవాళ్లకు మాత్రం అదే హాయి.

రిస్క్: నోటిఫికేషన్లు అతిగా పంపితే యాప్ తీసేస్తారు. తొందరలో తప్పు వార్త వెళ్లే టెన్షన్ కూడా.

ముగ్గురు నలుగురితో నడిచే డెస్క్‌కు ఈ-పేపర్ చాలు. క్లిప్పింగ్ వాట్సాప్‌లో పంపే బటన్ తప్పక పెట్టాలి. పగలు కూడా వార్తలు ఇచ్చే రిపోర్టర్లు ఉంటేనే యాప్.