సెస్నాను అడ్డంగా జరిపే స్కేట్లు: ఇరుకు హ్యాంగర్‌లో చాలాకాలం వాడాక

ఫుట్ పెడల్ తొక్కితే రెండు రోలర్లు టైరును ముందూ వెనకా బిగించి నేల మీంచి పైకి లేపే హైడ్రాలిక్ స్కేట్లు కార్ల గ్యారేజీల్లో చాలామంది చూసే ఉంటారు. అవే మూడు తెచ్చి మా సెస్నా శిక్షణ విమానాల చక్రాల కింద పెట్టాం. విమానం మొత్తం నేరుగా పక్కకు, అంటే రెక్క చూపే దిక్కుకే జరుగుతుంటే చూడటం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఈ ఒక్క పని కోసమే వీటిని మెచ్చుకుంటాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

పక్కకు జరగడానికి అంత విలువ ఎందుకో తెలియాలంటే మా హ్యాంగర్ (విమానాల షెడ్డు) కొలతలు చెప్పాలి. లోపలి వెడల్పు 16 మీటర్లు, లోతు 22. తలుపు మాత్రం మధ్యలో 12.5 మీటర్లే. సెస్నా 172 రెక్కల పొడవు 11 మీటర్లు, మొత్తం పొడవు 8.28. సెస్నా 152 అయితే 10.2, 7.34. రెండు 172లు, ఒక 152 ఒకదాని వెనక ఒకటి వరుసగా పెడితే మధ్య ఖాళీలతో కలిపి దాదాపు 25 మీటర్ల లోతు కావాలి. అంటే మూడోది బయట ఎండలోనే. అదే మొదటిదాన్ని ఎడమ గోడకు, రెండోదాన్ని కుడి గోడకు, మూడోదాన్ని మళ్లీ ఎడమకు నెడితే ముందున్నదాని తోక వెనకదాని ముక్కు పక్కకు వచ్చేస్తుంది. సెస్నాలో రెక్క ముందంచు స్పిన్నర్‌కు (ప్రొపెల్లర్ ముందు టోపీకి) 2 మీటర్లు వెనక ఉంటుంది కాబట్టి ఒక్కో జతకు సుమారు ఆ 2 మీటర్లు కలిసొస్తాయి. మొత్తం 21 మీటర్లలో మూడూ సర్దుకుంటాయి. అంతకంటే దగ్గరికి నెట్టలేం. పక్కదాని ఎలివేటర్ (తోక దగ్గరి అడ్డ పలక) రెక్క కిందికి దూరినా ఇబ్బంది లేదు గానీ, 172 ఫిన్ (తోక మీది నిలువు పలక) ఎత్తు 2.72 మీటర్లు. అది రెక్కకు తగులుతుంది.

తలుపు మధ్యలోంచి లోపలికి వచ్చిన విమానం గోడ దగ్గరికి చేరాలంటే 2.3 మీటర్లు పక్కకు జరగాలి. టో బార్‌తో, అంటే ముక్కు చక్రానికి తగిలించి లాగే కడ్డీతో అయితే ముందుకూ వెనక్కూ లాగుతూ వంకరటింకరగా తేవాలి. నోస్ వీల్‌ను, అంటే ముక్కు కింది చక్రాన్ని, మధ్య నుంచి 30 డిగ్రీలకు మించి తిప్పొద్దని, మించితే ల్యాండింగ్ గేర్ దెబ్బతింటుందని సెస్నా మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. ఇరుకులో హడావిడిగా లాగేవాళ్లు మొదట దాటేది ఆ హద్దునే. తర్వాత షిమ్మీ డ్యాంపర్ (ముక్కు చక్రం వణుకును ఆపేది) వదులైందనీ, స్టీరింగ్ రాడ్ వంగిందనీ పేచీలు మొదలవుతాయి. స్కేట్ల మీద చక్రం కదలదు, తిరగదు కాబట్టి ఆ సమస్య అసలు రాదు. టైరు నేలకు రాసుకుని అరగడం కూడా తగ్గింది. ఇది ముందుగా అనుకోని లాభం.

కొనే ముందు ఒకటి చూసుకోవాలి: రోలర్లు ఎంత దగ్గరికి వస్తాయి అన్నది. ఇవి కారు టైరుకు తయారైనవి. 172 మెయిన్ టైరు (రెక్కల కిందున్న రెండు ప్రధాన చక్రాలది) 6.00-6, దాని వ్యాసం 44 సెంటీమీటర్లు. నోస్ టైరు 5.00-5 అయితే 36 సెంటీమీటర్లే. రెండు రోలర్ల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 40 దగ్గరే ఆగిపోయే మోడల్‌లో నోస్ టైరు రోలర్ల మధ్యకు దిగిపోయి నేలనే ఆనుకుని ఉంటుంది. పెడల్ ఎంత తొక్కినా లేవదు. 30 సెంటీమీటర్ల దాకా దగ్గరయ్యేదే పనికొస్తుంది. బరువు గురించి బెంగ అక్కర్లేదు. ఒక్కో స్కేట్ 680 కిలోలు మోసేది, ఖాళీ 172 మొత్తం బరువే దాదాపు 760 కిలోలు. మెయిన్ వీల్ దగ్గర రోలర్ లోపలి కొన బ్రేక్ క్యాలిపర్‌కు గానీ, దానికొచ్చే గొట్టానికి గానీ తగలకుండా వేలు పెట్టి చూసుకోవాలి. వీల్ ఫెయిరింగ్‌లు (చక్రాల మీది తొడుగులు) ఉంటే ముందు వాటిని విప్పాలి.

ఎక్కించే వరుస: ముందు రెండు మెయిన్ వీల్స్, చివర నోస్ వీల్. దించేటప్పుడు దీనికి తిరగేసి, నోస్ వీల్ ముందు. నోస్ వీల్ చోక్స్ (చక్రానికి అడ్డంపెట్టే దిమ్మలు) మధ్య నేల మీదున్నంతసేపు విమానం ఎటూ పోదు. కానీ ఈ వరుసలో తోక పైకి లేస్తుంది. మెయిన్ వీల్స్ కేవలం 20 మిల్లీమీటర్లు లేచి, నోస్ వీల్ కిందే ఉంటే ఫిన్ కొన దాదాపు 8 సెంటీమీటర్లు పైకి పోతుంది. ముందూ వెనక చక్రాల మధ్య దూరం 1.65 మీటర్లే కదా, ఫిన్ మాత్రం దానికి నాలుగింతల దూరంలో ఉంది. తలుపు బీమ్ కిందో, వేలాడే ట్యూబ్‌లైట్ కిందో ఎక్కించొద్దు. నోస్ స్ట్రట్ (ముక్కు చక్రం పైన గాలి, నూనె నింపిన కాలు) గాలి దిగినా, నోస్ టైరు మెత్తబడినా తోక ఇంకా లేస్తుంది. మాన్యువల్‌లో ఇచ్చిన ఎత్తు స్ట్రట్, టైర్లు సరిగా ఉన్నప్పటి లెక్క.

ఇక అసలు ఇబ్బంది. మొదట్లో ఈ స్కేట్లు ఎటు నెడితే అటు పోతాయని అందరికీ చెప్పేవాళ్లం. ఎటు నెడితే అటు పోయే మాట నిజమే, కానీ దిక్కు మార్చిన క్షణంలో ఏం జరుగుతుందో అప్పట్లో ఎవరూ కొలిచి చూడలేదు.

ఒక్కో స్కేట్‌కు నాలుగు స్వివెల్ క్యాస్టర్లు, అంటే ఎటైనా తిరిగే చిన్న చక్రాలు. క్యాస్టర్ చక్రం అది చుట్టూ తిరిగే నిలువు బోల్టుకు సరిగ్గా కింద ఉండదు, కాస్త వెనక్కి ఉంటుంది. మా వాటిలో ఆ దూరం 35 మిల్లీమీటర్లు. ఎడమకు జరుపుతున్నప్పుడు చక్రాలన్నీ కుడివైపు వాలి ఉంటాయి. కాస్త ఎక్కువ పోయిందని కుడికి నెట్టగానే చక్రాలు గిరుక్కున తిరిగి ఎడమ వైపుకు వస్తాయి. ఆ తిరిగే లోపు స్కేట్ 70 మిల్లీమీటర్లు ఊరికే కదిలిపోతుంది. 7 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మూడు స్కేట్లూ ఒకేసారి తిరగవు. నోస్ వీల్ మీద బరువు తక్కువ, అందుకని అది ముందు తిరిగేస్తుంది, మెయిన్ వీల్స్ స్కేట్లు బరువుకు మొండికేసి నిలబడతాయి. ముక్కు 7 సెంటీమీటర్లు కుడికి పోయి మెయిన్ వీల్స్ కదలకపోతే విమానం తిరిగినట్టే. 1.65 మీటర్ల దగ్గర 7 సెంటీమీటర్లంటే 5.5 మీటర్ల దూరంలో ఉన్న రెక్క కొన దగ్గర 23. తోక చివర కూడా అటూ ఇటూగా అంతే. ముక్కు దగ్గర నిలబడి నెట్టేవాడికి కనపడేది ఆ 7 మాత్రమే.

ఎడమ గోడకు చేర్చిన 172తో జరిగింది అదే. గోడకు రెక్క కొనకు మధ్య 20 సెంటీమీటర్లు ఉంచుతాం. హ్యాంగర్ ఉక్కు స్తంభాలు గోడ నుంచి 25 సెంటీమీటర్లు ముందుకొచ్చి ఉంటాయి కాబట్టి రెక్క కొన రెండు స్తంభాల మధ్య ఖాళీలోకి దూరి ఉంటుంది. ముందు స్తంభానికి దానికి మధ్య జాగా 15. ముక్కును కొంచెం కుడికి సర్దుతుండగా నోస్ స్కేట్ క్యాస్టర్లు ఒక్కసారిగా తిరిగాయి, ఎడమ రెక్క ముందుకు ఊగి ఎర్ర నావిగేషన్ లైటు స్తంభానికి తగిలింది. గట్టి దెబ్బేం కాదు, చప్పుడు కూడా పెద్దగా రాలేదు. లెన్స్ పగిలింది, ప్లాస్టిక్ వింగ్ టిప్ మీద స్క్రూ రంధ్రం నుంచి అరచేతి పొడవున చీలిక. అంతటితో అయిపోదు. టిప్ విప్పి చివరి రిబ్ (రెక్క లోపలి అడ్డ పట్టీ) వంగిందేమో, రివెట్ల చుట్టూ రంగు పగిలిందేమో, ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) బయటి అంచు టిప్‌కు రాసుకుంటోందేమో చూడాలి. ఐలరాన్ రెండు వైపులా స్టాప్‌ల దాకా తిప్పి చూడాలి. ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) సంతకం పెట్టేదాకా ఆ విమానం ఎగరదు. ఆ రోజుకు వేసుకున్న శిక్షణ షెడ్యూల్ అంతా పోయింది.

తర్వాత పద్ధతి మార్చాం. నోస్ స్కేట్‌కు ఉన్న నాలుగు క్యాస్టర్లలో రెండింటికి స్వివెల్ లాక్ ఉన్నవి బిగించాం. పక్కకు జరిపేటప్పుడు ఆ రెండూ అడ్డం దిక్కుకే తాళం పడి ఉంటాయి. దిక్కు తిరగేసినా అవి గిరుక్కుమనవు, కాబట్టి ముక్కు ఊగదు. ముందుకు లాగాల్సి వస్తే తాళం తీసి, చక్రాలను చేత్తో తిప్పి, మళ్లీ వేయాలి. రెండోది, చివరి అర మీటరు ఎప్పుడూ ఒకే దిక్కులో ముగించాలి. ఎక్కువ పోతే అక్కడికక్కడే వెనక్కి సర్దకూడదు. ఖాళీ ఉన్న వైపు మీటరు దూరం తీసుకెళ్లి, చక్రాలన్నీ తిరిగి కుదురుకున్నాక మళ్లీ తేవాలి. మూడోది, నెట్టేది ముక్కు దగ్గర కాదు, మెయిన్ గేర్‌కు దగ్గరగా వింగ్ స్ట్రట్ (రెక్కను బాడీకి కలిపే వాలు కడ్డీ) కింది మొదలు దగ్గర. ప్రొపెల్లర్‌ను, హారిజాంటల్ స్టెబిలైజర్‌ను (తోక అడ్డ రెక్కను) పట్టుకుని నెట్టడం ఎలాగూ కూడదు.

మొదట్లో 'ఒక్కడే జరపొచ్చు' అని కూడా చెప్పేవాళ్లం. దాంతో ఆ మాట కూడా మార్చుకోవాల్సి వచ్చింది. నెట్టే బలానికి ఒక్కడు చాలు, నునుపు నేల మీద 172 తేలిగ్గా కదులుతుంది. కళ్లు మాత్రం మూడు జతలు కావాలి: రెండు రెక్కల కొనల దగ్గర ఇద్దరు, నెట్టేవాడు ఒకడు. తోక గోడకు దగ్గరగా పోతుంటే అక్కడ నాలుగోవాడు.

బ్రేకు సంగతి ఇంకా ముఖ్యం. స్కేట్ల మీద విమానం పార్కింగ్ బ్రేక్‌కు అర్థం లేదు, చక్రం నేల మీద లేదు కాబట్టి చోక్స్‌కూ అర్థం లేదు. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఉరుములతో వచ్చే ఈదురుగాలి తెరిచిన తలుపులోంచి కొడితే రెక్కలున్న ఈ వస్తువు తనంతట తనే జరుగుతుంది. చేర్చిన వెంటనే స్కేట్ల మీంచి దించి, టైర్ల మీద నిలబెట్టి, చోక్స్ పెట్టడమే మంచిది. దించకుండా రాత్రంతా ఉంచితే మరో చిక్కు. హైడ్రాలిక్ సీల్ కొద్దిగా కారినా ఒక వైపు చక్రం నేలకు దిగుతుంది. మెయిన్ వీల్స్ మధ్య దూరం 2.5 మీటర్లే గనుక ఆ 20 మిల్లీమీటర్లు రెక్క కొన దగ్గర 5 సెంటీమీటర్లు అవుతాయి. ఎడమకు వాలితే ఎడమ రెక్క స్ట్రట్ వెనకున్న వెంట్ (ట్యాంకు గాలి గొట్టం) నుంచి పెట్రోలు చుక్కలు పడటమూ మొదలవుతుంది, ముఖ్యంగా నిండు ట్యాంకులతో ఎండ రోజుల్లో. ఫ్యూయల్ సెలెక్టర్‌ను 'బోత్'లో (రెండు ట్యాంకులూ తెరిచి) వదలకుండా ఒక వైపుకు తిప్పి ఉంచడం మాకు అలవాటైంది. ర్యాచెట్, పిన్ను ఉన్న మోడల్ అయితే పిన్ను వేయకుండా పెడల్ మీంచి కాలు తీయొద్దు.

దించేటప్పుడు ఒక మంచి విషయం గమనించాం. సెస్నా మెయిన్ గేర్ స్ప్రింగ్ స్టీలు కాళ్లు బరువు పడగానే బయటికి తెరుచుకోవాలని చూస్తాయి. నేల మీద టైరు రాపిడికి అవి సగంలోనే ఆగిపోయి విమానం ఒక పక్కకు వాలి నిలబడుతుంది. స్కేట్ల మీద ఆ రాపిడి లేదు, కాళ్లు వాటంతట అవే కుదురుకుంటాయి, రెక్కలు సమంగా ఉంటాయి. గేర్ అలైన్‌మెంట్ చూసేటప్పుడు టైర్ల కింద గ్రీజు పూసిన రేకులు పెట్టేది కూడా ఇందుకే.

నేల బాగాలేకపోతే ఇవి కొనొద్దు. విమానం టైరు దాటేసే గుంటలో 4 అంగుళాల క్యాస్టర్ చిక్కుకుంటుంది. తలుపు రైలు గాడి, కాలువ మీది జాలీ, సిమెంటు పగుళ్లు అన్నీ అడ్డే. మేం 5 మిల్లీమీటర్ల ఇనుప రేకు వేసి గాడి దాటిస్తాం. లాక్‌వైర్ ముక్కలు, రివెట్ కాడలు పాలియూరిథేన్ చక్రాల్లో దిగబడతాయి కాబట్టి జరిపే ముందు ఊడ్చాల్సిందే. బరువు మీద వారాల తరబడి వదిలేస్తే చక్రం ఒక వైపు చదునై, తర్వాత టకటకమని ఎగురుతూ నడుస్తుంది.

ఎవరికి పనికొస్తుందంటే, మా లాగా తలుపు హ్యాంగర్ కంటే ఇరుకు, విమానాలు హై వింగ్ (రెక్క క్యాబిన్ పైన ఉండేవి), నేల నునుపు, పొద్దున బయటికి తీసే వరుస ముందు రోజే తెలిసిన చోట. లోపలున్నది ఉన్నట్టుండి కావాలంటే ముందున్న రెండింటినీ తీయాలి. ఒక్కో విమానాన్ని ఎక్కించి, జరిపి, దించేసరికి పది నిమిషాలైనా పడుతుంది. తలుపు పూర్తి వెడల్పుకు తెరుచుకునే హ్యాంగర్‌కు టో బార్ చాలు. పైపర్ లాంటి లో వింగ్ విమానం ఒకటి కలిసి ఉంటే దాని రెక్కను సెస్నా రెక్క కిందికి దూర్చడం వీటికంటే సులువు. దాని ఓలియో స్ట్రట్‌లు (గాలి, నూనెతో పనిచేసే గేర్ కాళ్లు) సరిగా నిలబడి ఉన్నాయో లేదో మాత్రం రోజూ చూడాలి. మా దగ్గర 172 నోస్ స్కేట్‌కు స్వివెల్ లాక్ బిగించాక లైట్ లెన్స్ మార్చే అవసరం రాలేదు. మెయిన్ స్కేట్లకు మాత్రం ఇంకా పాత క్యాస్టర్లే ఉన్నాయి, అందుకే గోడ దగ్గర 20 సెంటీమీటర్ల జాగాను ఇంకా తగ్గించే ధైర్యం చేయడం లేదు.