40 సెంటీమీటర్ల వీపు, 48 సెంటీమీటర్ల బ్యాగు

కొండ నడకలో రెండో రోజు సాయంత్రం బసకు చేరి చొక్కా మార్చుకుంటుంటే, వెనక నుంచి మా వదిన "అయ్యో, ఇదేంటి ఇలా కమిలిపోయింది?" అంది. రెండు భుజాల మీదా రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి చారలు, మెడ పక్క ఎముక దగ్గర నీలం. చెయ్యి పైకెత్తితే ప్రాణం పోతోంది. ఇంకా రెండు రోజుల నడక మిగిలి ఉంది.

దారి బాగుంది, మొదటి రోజు హాయిగా గడిచింది, తోడొచ్చిన వాళ్లు మంచివాళ్లు. అయినా నేనిది రాయడానికి కారణం నేను మోసిన ఆ అద్దె బ్యాగు. దాన్ని నాకు అంటగట్టిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

నా పాత బ్యాగు పట్టీ బయలుదేరే ముందు తెగిపోయింది. కొండబాట మొదట్లో సామాన్లు అద్దెకిచ్చే చోట ఒకటి తీసుకుందాం అనుకున్నాను. అక్కడున్నది 60 లీటర్ల బ్యాగు ఒక్కటే. "ఇది నాకు పొడవు కాదా?" అని రెండుసార్లు అడిగాను. "అందరికీ సరిపోతుందమ్మా, పట్టీలు లాగి బిగించుకోవడమే" అన్నాడు అద్దెకిచ్చే మనిషి. అద్దె మొత్తం ముందే తీసుకున్నాడు. నాలుగు రోజులకు అతను అడిగింది, అలాంటి కొత్త బ్యాగు ఖరీదులో ఐదో వంతు. నేను మోసిన బరువు 11 కిలోలు, నా బరువు 55. అంటే సరిగ్గా ఐదో వంతే. ఆ బరువు నాకు కొత్త కాదు, ఎన్నోసార్లు మోశాను. ఒళ్లు హూనమైంది మాత్రం ఈసారే.

బస నడిపే ఆవిడ నా భుజాలు చూసి మందు ఇవ్వలేదు, కొలత టేపు తెచ్చింది. తల వంచమని, మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద వేలు పెట్టింది. నా చేతులు తుంటి ఎముకల మీద పెట్టించి, బొటనవేళ్లు రెండూ వీపు వైపు చాపమంది. అవి కలిసే చోటి నుంచి మెడ ఎముక దాకా 40 సెంటీమీటర్లు. తర్వాత బ్యాగు తిప్పి కొలిచింది. భుజం పట్టీలు కుట్టిన చోటి నుంచి నడుము బెల్టు దాకా 48. పైకీ కిందకీ జరిపే ఏర్పాటు అసలు లేదు. నేను ఎంత బిగించినా ఆ బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోదు, కిందకి జారి వేలాడుతుంది. బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా తుంటి మోయాలి, భుజాలు ఊరికే పట్టుకుని ఉండాలి. నా విషయంలో అంతా తలకిందులైంది. ఐదు నిమిషాల్లో తేలిపోయే ఈ సంగతి అద్దెకిచ్చిన మనిషికి తెలియదంటే నేను నమ్మను.

తర్వాత ఆవిడ మా వదిన వీపు కూడా కొలిచింది. 47! వదిన నాకన్నా పొడుగే కానీ అంత తేడా ఉంటుందని ఇద్దరం అనుకోలేదు. మనిషి ఎత్తును బట్టి బ్యాగు కొనకూడదని అప్పుడే అర్థమైంది. కాళ్లు పొడుగై వీపు పొట్టిగా ఉన్నవాళ్లూ ఉంటారు, ఉల్టాగా ఉన్నవాళ్లూ ఉంటారు. వదిన బ్యాగు ఆడవాళ్ల కోసం చేసింది, వీపు కొలత జరుపుకునే రకం. దాన్ని 40కి దించి నాకిచ్చి, అద్దె బ్యాగు వదినకు కట్టింది. వదిన ముఖం ముడుచుకుంది. "నా బ్యాగు నేను ఏరికోరి కొనుక్కున్నాను" అని రాత్రి భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున గంట నడిచాక మాత్రం "ఇది నాకు బాగానే ఉందే" అంది. నాకు మాటే రాలేదు, అంత తేలిగ్గా ఉంది. వదిన బ్యాగు పట్టీలు లోపలికి వంపు తిరిగి ఛాతీని ఒరుసుకోకుండా పక్క నుంచి పోతాయి. బెల్టు తుంటి వంపుకు తగ్గట్టు ఏటవాలుగా ఉంటుంది. అదే 11 కిలోలు, అదే నేను. ఆ బసలో పడకలు ఇరుకు, స్నానానికి వేడినీళ్లు లేవు. అయినా ఆ టేపు కోసం నేను మళ్లీ అక్కడే దిగుతాను.

మూడో రోజు వాన. ఇప్పుడు నా రెయిన్ జాకెట్ సంగతి.

ఆడవాళ్లదని రాసి ఉన్న మీడియం సైజు. 10,000 మిల్లీమీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడి తట్టుకుంటుందని లేబుల్. బట్ట విషయంలో ఆ మాట నిజమే, ఒక్క చుక్క కూడా దిగలేదు. కానీ నడుము దగ్గర సన్నగా కనిపించాలని కుట్టారు కాబట్టి లోపల వెచ్చటి ఫ్లీస్ చొక్కా వేసుకుంటే తుంటి దగ్గర జిప్పు పడదు. నడక కర్రలు పట్టుకుని చేతులు ముందుకు చాచగానే జాకెట్ అంచు బెల్టు కింద నుంచి పైకి లేచిపోతుంది. నీళ్లన్నీ ప్యాంటులోకే. జేబులు సరిగ్గా నడుము బెల్టు కింద పడ్డాయి, చెయ్యి పెట్టే వీలు లేదు. వీటన్నిటికన్నా బాధ కలిగించింది ఇంకోటి. అదే కంపెనీ అదే పేరుతో అమ్మే మగవాళ్ల జాకెట్ మాతో వచ్చిన ఒకతను వేసుకున్నాడు. దానికి చంకల కింద గాలి ఆడే జిప్పులున్నాయి, ముందరి జిప్పు కింద నుంచి కూడా తెరుచుకుంటుంది. నాదానికి ఆ రెండూ లేవు, రంగులు మాత్రం నాలుగు ఎక్కువ.

కాబట్టి జాకెట్ కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకోవద్దు. లోపల వేసుకునేవన్నీ వేసుకుని వెళ్లండి. చేతులు పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, నిండు బ్యాగు తగిలించి బెల్టు పెట్టుకోండి. జుట్టు ముడి మీద జాకెట్ టోపీ పడుతుందో లేదో చూడండి. నడుము దగ్గర వదులైనా ఫరవాలేదు, తుంటి దగ్గర బిగుతు పనికిరాదు.

వాన తగ్గే దాకా ఒక రాతి గుడిసెలో రెండు గంటలు కూర్చున్నాం. తడిసిన ప్యాంటు పిండుకుంటూ వదినకు ఫెలిసితె కారెల్ అనే పర్వతారోహకురాలి గురించి చెప్పాను. 1867లో ఆమె ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ ఎక్కుతూ శిఖరానికి దాదాపు 100 మీటర్ల దూరంలో ఆగిపోవాల్సి వచ్చింది. ఈదురుగాలికి పొడవాటి గౌను తెరచాపలా ఉబ్బిపోవడమే కారణమని చెబుతారు. నాలుగేళ్ల తర్వాత 1871లో లూసీ వాకర్ ఆ శిఖరం చేరిన మొదటి స్త్రీ అయింది, ఆవిడా గౌనులోనే ఎక్కింది. 1975లో ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ జుంకో తబెయ్ బృందం డబ్బు చాలక కారు సీట్ల తొడుగులు కత్తిరించి నీళ్లు దిగని సంచులూ పైచేతొడుగులూ కుట్టుకున్నారు. "అయితే మనం కూడా కుట్టుకోవాల్సిందేనా?" అంది వదిన. ఆమె వణుకుతోంది, నాకు జవాబు దొరకలేదు.

వదిన వణుకుకు ముందు రాత్రి నిద్ర లేకపోవడం కూడా తోడైంది. బసలో ఇచ్చిన స్లీపింగ్ బ్యాగు మీద మైనస్ 5 అని పెద్దక్షరాల్లో ఉంది. బయట సున్నాకు రెండు డిగ్రీలు పైనే. అయినా తెల్లవార్లూ ఆమె పళ్లు కొట్టుకున్నాయి. పొద్దున లోపలి చిన్న లేబుల్ చదివితే తెలిసింది, మైనస్ 5 'లిమిట్' (ఎలాగో ఓర్చుకోగల చలి) కొలత, 'కంఫర్ట్' (హాయిగా నిద్రపట్టే చలి) ప్లస్ 1. స్లీపింగ్ బ్యాగుల వెచ్చదనం కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537లో, అంతకుముందున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 13537లో కంఫర్ట్ అంకె సగటు స్త్రీని, లిమిట్ అంకె ముడుచుకుని పడుకున్న సగటు పురుషుణ్ణి లెక్కలోకి తీసుకుని కట్టినవి. మన కోసం లెక్కగట్టిన అంకెను మూలన చిన్నగా వేసి, మగవాళ్లది సంచి మీద పెద్దగా అచ్చేస్తున్నారు. పైగా అది చాలాసార్లు ఉతికి లోపల నింపింది అణిగిపోయిన బ్యాగు. మీరు కంఫర్ట్ అంకె చూడండి, చలికి ఓర్వలేనివారైతే అది ఇంకో ఐదు డిగ్రీలు తక్కువున్నది కొనండి.

ప్యాంటు విషయంలో నా పోరాటం చాలా ఏళ్లది. మగవాళ్ల ప్యాంట్లు కొన్నాను, తుంటికి పడితే నడుము దగ్గర పిడికిలి దూరేంత వదులు. ఆడవాళ్ల ప్యాంట్ల జేబుల్లో ఫోను సగం బయటే. చివరికి దొరికిన ఒక్కటే ఇప్పుడు నాకు ప్రాణం: వెడల్పాటి సాగే నడుము, బొత్తాంగానీ బకిల్‌గానీ లేదు కాబట్టి బ్యాగు బెల్టు కింద ఒత్తుకోదు, తొడ పక్కన జిప్పున్న లోతైన జేబు, కాళ్ల మధ్య అదనపు ముక్క వేసి కుట్టారు కాబట్టి రాళ్లెక్కేటప్పుడు పట్టేయదు. రాయి చాటుకు వెళ్లి కూర్చోవాల్సి వచ్చినా క్షణంలో పని అవుతుంది. ముదురు రంగు కావడంతో నెలసరి రోజుల్లో టెన్షన్ ఉండదు. పొడవు మాత్రం 4 సెంటీమీటర్లు మడిచి కుట్టించాను. లోపలికి హుక్కులు లేని స్పోర్ట్స్ బ్రా వేసుకోండి. హుక్కు ఎక్కడుంటే బ్యాగు అక్కడే నొక్కుతుంది, కాటన్‌దైతే చెమటకు తడిసి ఆరనే ఆరదు.

బూట్లు, మెరినో ఉన్ని సాక్సులు, కర్రలు ఏ తంటా పెట్టలేదు. బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త వాచాక, ఆ సాక్సులతోనే వేసి చూసి కొన్నాను. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగలకుండా చీలమండ దగ్గర లేసు ఒక మెలిక ఎక్కువ వేస్తాను. ఇప్పటికి నాలుగేళ్లు, ఒక్క బొబ్బ లేదు.

తిరుగు ప్రయాణంలో అద్దె బ్యాగు వాపసు ఇస్తూ భుజాల మచ్చలు చూపించాను. "మీరు సరిగా కట్టుకోలేదు" అన్నాడు. నేను డబ్బు అడగలేదు. ఆ బ్యాగు మీద 48 అని రాసిపెట్టమన్నాను, తర్వాత తీసుకునేవాళ్లకు తెలుస్తుందని. రాయనన్నాడు. నా వెనక వరుసలో ఇద్దరమ్మాయిలున్నారు, ఒకామె అప్పటికే ఆ బ్యాగు కోసం చెయ్యి చాపింది. వదిన వాళ్లను పక్కకు తీసుకెళ్లి, తల వంచమని, తన మూరతోనే కొలవడం మొదలుపెట్టింది.