రసవాద తాళపత్రాలు: ఫొటోలా, యథాతథ ప్రతా, సులభ తెలుగా? ఏది మేలు?

"మా తాతగారి అటక మీద రసయోగాల (పాదరసం, లోహాలతో చేసే తయారీల) తాళపత్రాల కట్ట దొరికింది. ఇప్పటివాళ్ళు చదువుకునేలా పుస్తకం వేయాలంటే ఏ పద్ధతి మంచిది?" కాస్త అటూ ఇటూగా ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతున్నారు. ఈ మధ్యే నాకూ అది తేల్చుకోవాల్సి వచ్చింది. మా అమ్మమ్మగారి ఇంటి నుంచి వచ్చిన 46 ఆకుల కట్ట నా దగ్గర ఉంది. తెలుగు లిపిలో సంస్కృత శ్లోకాలు, అక్కడక్కడ తెలుగు టీక. పాదరసం శుద్ధి, తాళకం (హరిదళం) భస్మం, రాగికి బంగారు వన్నె తెప్పించడం లాంటివి ఉన్నాయి. దీన్ని ఎలా బయటికి తేవాలో తేల్చుకోవడానికే ఏడాది పట్టింది.

దారులు నాలుగు. ఆకుల ఫొటోలు తీసి అలాగే పెట్టేయడం ఒకటి. తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం రెండోది. దొరికిన ప్రతులన్నీ పోల్చి పాఠాన్ని పరిష్కరించడం మూడోది. నేరుగా వాడుక తెలుగులో రాసేయడం నాలుగోది. అడిగేవాళ్ళలో ఎక్కువ మంది మనసు నాలుగోదాని మీదే ఉంటుంది. మనవలు చదవాలి కదా అంటారు, నిజమే. కానీ రసవాదం విషయంలో నాకు భయం వేసేది కూడా దాని దగ్గరే.

ఈ శాస్త్రంలో మాటలకు మామూలు అర్థం ఉండదు. నాగం అంటే సీసం, తార అంటే వెండి, గగనం అంటే అభ్రకం. వీటి దగ్గర పొరపాటు జరిగినా తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు చిక్కు 'అమృత' లాంటి మాటలతో వస్తుంది. తిప్పతీగకు ఆ పేరుంది, కరక్కాయకూ ఉంది, వసనాభికీ ఉంది. మొదటిది పెరట్లో పాకే తీగ, చివరిది ప్రాణం తీసే దుంప. ఎక్కడ ఏది అన్నది మాట లింగాన్ని బట్టి, పక్కనున్న సరుకులను బట్టి, ఆ యోగం ఏ జబ్బుకో దాన్ని బట్టి తేల్చుకోవాలి. మాట సమాసంలో పడితే లింగం కూడా తెలియదు. వాడుక తెలుగులో రాసేవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు కాబట్టి 'తిప్పతీగ' అని రాసి ముందుకు వెళ్ళిపోతారు. అక్కడ ఒక సందేహం ఉండేదన్న సంగతే చదివేవారికి తెలియదు.

తూకాలతోనూ ఇదే ఇబ్బంది. పలం, కర్షం అని ఉంటే గ్రాముల్లోకి మార్చమంటారు. ఇప్పటి ఆయుర్వేద ఫార్ములరీ (మందుల తయారీ ప్రమాణాల పుస్తకం) లెక్కలో పలం అంటే 48 గ్రాములు. అది ఇవాళ్టి మందుల తయారీ కోసం చేసుకున్న ఏర్పాటు. ఆకు రాసినాయన లెక్క పాత తూకపు పద్ధతులైన మాగధ మానమో, కాళింగ మానమో, లేక వాళ్ళ ఊరి తక్కెడో మనకెలా తెలుస్తుంది? తెలుగు టీకల్లో వీసం, పాతిక, ముప్పాతిక గుర్తులు కనిపిస్తే వాటినీ అలాగే ఉంచాలి. మన పాత భిన్నాల అంకెలకు, తూము గుర్తుకు 2008లోనే యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అక్షరాలకు వాడే ప్రమాణంలో) చోటు దొరికింది. వాటిని చూపించే ఫాంటు వెతుక్కోవడమే కాస్త పని.

అందుకే నేను అన్నిటికన్నా ముందు చూసేది ఒకటే. మన నిర్ణయం తప్పని రేపు ఎవరికైనా అనిపిస్తే, వెనక్కి ఆకు దాకా వెళ్ళి చూసుకునే దారి ఉందా?

ఆ దారి ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ. రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయన శాస్త్ర చరిత్రను 1902లో, 1909లో రెండు సంపుటాలుగా వేశారు. ఈ రంగంలో మనమంతా ఆయనకు రుణపడి ఉన్నాం. రసవాదిగా పేరున్న నాగార్జునుడు 'రసరత్నాకరం' అనే గ్రంథం రాశాడని అందులో ఆయన ఒక కాశ్మీర ప్రతి ఆధారంగా చెప్పారు. దశాబ్దాల పాటు అందరూ అదే రాస్తూ వచ్చారు. 1984లో డొమినిక్ వుజాస్తిక్ అనే సంస్కృత పండితుడు రాతప్రతులు పరిశీలించి, నాగార్జునుడి పేర అలాంటి గ్రంథం లేదని, రాయ్‌గారు చూసింది 'రసేంద్రమంగళం' అని చూపించాడు. రాయ్‌గారు తన మాటల్లో సారాంశం చెప్పి ఊరుకోలేదు, మూల శ్లోకాలూ అచ్చు వేశారు. ప్రతులు భద్రంగా ఉన్నాయి. అందువల్లే డెబ్బై అయిదేళ్ళ తర్వాత కూడా సరిచూడగలిగారు.

మరి అన్ని ప్రతులూ పోల్చి పరిష్కరించడమే మేలు కదా అంటారు. పేరున్న పెద్ద గ్రంథానికైతే తప్పకుండా అదే కావాలి. నిత్యనాథుడి రసరత్నాకరమే తీసుకోండి (పైన చెప్పినదాని పేరే అయినా ఇది వేరు, నిజంగా ఉన్న గ్రంథం). అయిదు ఖండాల గ్రంథం. శ్రీశైలం చుట్టూ ఏ దిక్కున ఏ గుడి ఉంది, ఎక్కడ ఏ సిద్ధి దొరుకుతుంది అని చెప్పే భాగం దాని రసాయన ఖండంలో ఉంది. త్రిపురాంతకం, ఘంటాసిద్ధేశ్వరం పేర్లు అందులో చదువుతుంటే మనవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది. అలాంటి దానికి చెన్నై, తంజావూరు, హైదరాబాద్, తిరుపతి గ్రంథాలయాల ప్రతులన్నీ ముందు పెట్టుకుని కూర్చునే పండితులు కావాలి.

ఇంటి కట్ట సంగతి వేరు. చాలాసార్లు అది ఒకే గ్రంథం కాదు. వైద్యుడు తనకు పనికొచ్చిన శ్లోకాలు నాలుగు చోట్ల నుంచి ఎత్తి రాసుకుని, తన అనుభవం తెలుగులో చేర్చుకున్న సంకలనం. దాన్ని అచ్చు పుస్తకంతో పోల్చి దిద్దితే ఆ వైద్యుడు చేసుకున్న మార్పే పోతుంది. మనకు కావలసింది ఆ మార్పే కదా! పోల్చండి, తేడాలు అడుగున రాయండి, కానీ పాఠం మీద చెయ్యి వేయకండి.

ఫొటోలు మాత్రం అందరూ, ఇవాళే తీయాలి. వెలుతురు పక్క నుంచి పడేలా, ఆకు రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి. అక్షరాలు కనపడటం లేదని నూనె, మసి మీరే రుద్దకండి, అది గ్రంథాలయాల్లో ఆ పని తెలిసినవాళ్ళు చేయాలి. అయితే ఫొటోలతోనే ఆగిపోతే చదివేది లిపి వచ్చిన పది మందే.

పాత అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్ళీ వేయడం గురించీ అడుగుతారు. రాతప్రతి దొరకనప్పుడు వేసుకోవచ్చు.

నేను ఎంచుకున్నది రెండోది, అంటే ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం, పక్కనే ఫొటోతో. న్యూటన్ రసవాద కాగితాలను ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్ళు నెట్‌లో పెట్టిన తీరు చూశాక నాకు ధైర్యం వచ్చింది. న్యూటన్ కొట్టివేతలు, పొట్టి రాతలు అన్నీ ఉన్నట్టే ఒక పాఠం, చదవడానికి వీలుగా సరిచేసింది ఇంకొకటి. రసవాద గుర్తులు యూనికోడ్‌లోకి రావడం వెనుక కూడా వాళ్ళ పనే ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో 16వ శతాబ్దపు ఫ్రెంచ్ రాతప్రతి ఒకదాన్ని ఇంకా చక్కగా తెచ్చారు. లోహాల పోత, రంగులు, వార్నిష్‌ల తయారీ ఉన్న ప్రతి అది. బొమ్మ, యథాతథ పాఠం, సరిచేసిన పాఠం, ఇంగ్లిష్ అనువాదం, ఏ రెండింటినైనా పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు.

వాళ్ళకున్న డబ్బు, మనుషులు మనకు లేరు. అయినా ఒక ఇంటి కట్టకు ఎడమ పేజీలో ఫొటో, కుడి పేజీలో పాఠం, దాని కింద చిన్న అక్షరాల్లో వాడుక తెలుగు అర్థం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వలపలగిలక (అక్షరం పక్కన రాసే పాత రకారపు గుర్తు) ఉన్నచోట వలపలగిలకే రాశాను. పాత రాతలో ఎ, ఏ తేడా ఉండదు కాబట్టి అర్థం మారే చోట మాత్రం అడుగున చెప్పాను. పాదరసం, పాషాణాలతో (విష ఖనిజాలతో) ఉన్న యోగాలు ఇంట్లో చేయకూడదని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో పెట్టాను.

పదిహేడో ఆకులో జ్వరానికి చెప్పిన ఒక యోగంలో 'అమృత' అని ఉంది, పక్క అక్షరాలు పురుగు తినేసింది. ఒకాయన వసనాభి అన్నారు, ఇంకొకాయన తిప్పతీగే అని గట్టిగా చెప్పారు. పాఠంలో 'అమృత' అనే ఉంచి, రంధ్రం ఉన్నచోట చుక్కలు పెట్టి, ఇద్దరి మాటా కింద రాశాను.