విద్యుత్ గ్రిడ్ రక్షణ కోర్సు: రిలేతో మొదలై నెట్‌వర్క్ దాకా

విద్యుత్ గ్రిడ్ల భద్రతను చట్టబద్ధంగా నేర్చుకోవాలనుకునేవారి కోసం రూపొందించిన ఈ ఆన్‌లైన్ కోర్సులో నాకు అన్నిటికన్నా నచ్చింది పాఠాల వరుస. హ్యాకింగ్ సాధనాల జోలికి వెళ్లకముందే, ఉత్పత్తికీ వినియోగానికీ పొంతన తప్పితే ఫ్రీక్వెన్సీ ఎలా మారుతుందో, రిలే (లైన్‌లో లోపాన్ని పసిగట్టే రక్షణ పరికరం) దేన్ని గమనించి బ్రేకర్‌ను (సరఫరాను తెంచే పెద్ద స్విచ్చును) ట్రిప్ చేస్తుందో ఓపికగా వివరిస్తారు.

ప్రయోగాలన్నీ కోర్సువారి వర్చువల్ సబ్‌స్టేషన్‌లోనే చేయాలి. లైన్ క్లియర్ (లైన్‌లో కరెంటు ఆపామని ఇచ్చే అనుమతి) లేనిదే లైన్‌మన్ తీగ ముట్టనట్టే, యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే బయటి పరికరాన్ని దేన్నీ స్కాన్ చేయరాదని మొదటి పాఠంలోనే కట్టడి చేశారు. పాత పరికరాలు కొన్ని మామూలు స్కాన్‌కే పనిచేయడం ఆపేస్తాయి కాబట్టి, ఈ నియమం గ్రిడ్ క్షేమానికీ అవసరమే.

నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో, గ్రిడ్ పరికరాలకు ఆదేశాలు పంపే ఐఈసీ 104 ప్రోటోకాల్ ట్రాఫిక్‌ను పరిశీలించే అభ్యాసం ఈ కోర్సుకు తలమానికం. బ్రేకర్‌ను తెరవమనే ఆదేశం పాస్‌వర్డ్ గానీ సంకేతీకరణ గానీ లేకుండా 2404 పోర్టు మీదుగా వెళ్లడం కళ్లారా చూశాక, కంట్రోల్ నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి ఎందుకు వేరుగా ఉంచాలో ఇట్టే బోధపడుతుంది.

ఉక్రెయిన్ విద్యుత్ సంస్థలపై 2015 డిసెంబరు 23న జరిగిన సైబర్ దాడికి ఒక అధ్యాయమంతా కేటాయించడం సముచితం. మోసపూరిత ఈమెయిళ్ల ద్వారా ఆఫీసు కంప్యూటర్లలోకి చొరబడి, ఉద్యోగుల లాగిన్ వివరాలు దొంగిలించి, నెలల తర్వాత మూడు పంపిణీ సంస్థల బ్రేకర్లను తెరిచిన దుండగుల వల్ల దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేసి, కొన్ని గంటల్లోనే సరఫరాను పునరుద్ధరించారు. కంప్యూటర్ తెరలు పనిచేయని స్థితిలో ఏ ఫీడర్‌కు (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్‌కు) ముందు సరఫరా ఇవ్వాలో నిర్ణయించే అభ్యాసాన్ని దీనికి జోడించడం ఎంతో మెచ్చుకోదగినది. ఆ చేతి నైపుణ్యం కూడా రక్షణలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

భౌతిక భద్రతను మాత్రం పైపైనే తేల్చేశారు. కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్‌లో 2013లో తుపాకీ కాల్పులకు 17 ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిన్న ఉదంతం రెండు మాటల్లో ముగిసింది. కంచె, నిఘా, విడి ట్రాన్స్‌ఫార్మర్ల నిల్వ గురించి వివరమైన పాఠం ఉండాల్సింది.

ఎలక్ట్రికల్ ఇంజినీర్లు మొదటి పాఠాలను వేగంగా ముగించవచ్చు. సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చేవారు మాత్రం రిలే పాఠాలను రెండోసారి కూడా చూడటం మంచిది, ఎందుకంటే చివరి పరీక్షలోని ప్రశ్నలు ఎక్కువగా సింగిల్ లైన్ డయాగ్రామ్ (విద్యుత్ వ్యవస్థను ఒకే గీతతో చూపే పటం) చదవడం మీదే ఉంటాయి.